అక్క దొడ్డి మిరపకాయలు

అక్క పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను ఆమె మిరపకాయలే ఎండలో పరుస్తున్నాను. గుంటూరు ఆసుపత్రి నుంచి ఆమె కూతురు చేసింది. "పిన్నీ, అమ్మ లేదు" అంది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతినిండా మజ్జిగ. "కాయలకు ఇంకా రెండు ఎండలు కావాలమ్మా" అన్నాను. ఆ పిల్ల ఏమనుకుందో ఇప్పటికీ అడగలేదు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. తోటికోడలు, మా ఆయనకు వదిన. ఆరేళ్లుగా మాకు మాటల్లేవు. రెండిళ్లకూ మధ్య ఛాతీ ఎత్తు గోడ. ఆమె అటు తిరిగి పేడ ఎత్తితే నేను ఇటు తిరిగి అంట్లు తోమేదాన్ని. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నాకు చేతకాదు. ఆమె నోరు మంచిది కాదు. పంతం అంతకన్నా మంచిది కాదు.

బావగారు పోయాక పంపకాల్లో నల్లరేగడి పొలం మా ఆయన పట్టుబట్టి తీసుకున్నాడు. ఒంటరి ఆడది పొలం ఏం చేస్తుందని పెద్దమనుషులు కూడా తల ఊపారు. ఆమెకు పాత ఇల్లు, వెనక పది సెంట్ల దొడ్డి, ఒక గేదె వచ్చాయి. "దొడ్డి మీద ఏం వచ్చిద్ది? ఏడాది తిరక్కుండా పుట్టింటికి పోయిద్ది" అని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, దాచుకోవడం దేనికి?

ఆమె ఎక్కడికీ పోలేదు. పొద్దున్నే గోంగూర కట్టలు కట్టుకుని బస్టాండులో కూర్చునేది. కరివేపాకు, మునక్కాయలు, నాటుకోడి గుడ్లు, గేదె పెరుగు. మిగిలిన పెరుగును మజ్జిగ చేసి, పులియబెట్టి, ఉప్పేసి, దొడ్డిలో కాసిన పచ్చిమిరపకాయల్ని చీల్చి అందులో ఊరేసేది. రాత్రి మజ్జిగలో, పగలు ఎండలో. జాడీలో మజ్జిగంతా కాయలు పీల్చుకునేదాకా అదే పని. ఆ ఊరమిరపకాయల కోసం చీరాల నుంచి మనుషులొచ్చేవాళ్లు. వాటి మీదే కూతురిని నర్సింగ్ చదివించింది. ఎవరన్నా బేరమాడితే బుట్ట మీద గుడ్డ కప్పేసి "తింటే తిను, లేకపోతే బస్సెక్కు" అనేది.

మా గొడవ కూడా ఆ కాయల దగ్గరే వచ్చింది. ఒక పెళ్లివారు పెద్ద ఎత్తున అడిగారు. దొడ్డి కాపు చాలలేదు. ఆమె దిగులుగా మొక్కల మధ్య తిరుగుతుంటే గోడ మీంచి చూశాను. సాయం చేద్దామనే అనుకున్నాను, ఒట్టు. ఆమె గేదెను కడగడానికి వెళ్లినప్పుడు మా చేలో కాయలు బుట్టెడు తెచ్చి ఆమె కాయల్లో కలిపేశాను. మూడు రోజుల ముందే చేనుకు పురుగుమందు కొట్టారు. అది నాకు తెలుసు. అమ్మే కాయకు అదంతా ఎప్పుడూ చూసుకోలేదు కాబట్టి అప్పుడూ చూసుకోలేదు.

కాయలు చీలుస్తూనే ఆమె మందు వాసన పట్టేసింది. ఏరడం కూడా పెట్టుకోలేదు. కోళ్లు ముట్టకుండా గుంట తీసి మొత్తం పూడ్చిపెట్టింది. పెళ్లివారిని వెనక్కి పంపేసింది. ఆ తర్వాత వీధిలో పదిమంది ముందు నన్ను నిలబెట్టింది.

"సాయం చేద్దామనే కలిపానక్కా" అన్నాను.

"మీ ఇంట్లో కూరకైతే నా దొడ్డి కాయలు అడిగి పట్టుకుపోతావు. ఊళ్లోవాళ్ల పెళ్లికి మీ చేలో కాయలా? నువ్వు తినంది నా కాయల్లో ఎందుకు కలిపావే?"

నిజమే. మా చుట్టుపక్కల ఇళ్లన్నీ అంతే. చేలో కాయ అమ్ముకోవడానికి, దొడ్డి కాయ తినడానికి. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆమె అనేసింది. అందుకే నాకు అంత ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు తిట్టాను. మొగుణ్ణి మింగినదానివని కూడా అన్నాను. ఆరేళ్లు మాటల్లేకుండా పోయింది ఆ మాటకే.

ఆరేళ్ల తర్వాత, గుండెల్లో నొప్పని ఆసుపత్రికి ఆటో ఎక్కబోతూ ఆమె గోడ దగ్గరకొచ్చి నిలబడింది. దొడ్డి తాళం గోడ మీద పెట్టింది. నా వంక చూడలేదు.

"ఏమే, జాడీలో కాయలు ఊరుతున్నయ్. రేపు ఎండలో ఎయ్యకపోతే కుళ్లిపోతయ్. చేలోంచి వచ్చి అట్టాగే ముట్టుకోమాక. గేటు కాడ సబ్బుంది."

నాతో అదే ఆఖరి మాట. నన్ను క్షమించిందో లేదో తెలియదు. ఆమె మీద నాకింకా కోపమే. ఆ కోపంతోనే ఏడుపొస్తోంది. చేతులు కడుక్కుంటే పనికొస్తానని నా గురించి అనుకున్న మనిషి ఆమె ఒక్కతే.

పెద్దకర్మ రోజు ఊరంతా వచ్చింది. గోంగూర కట్ట దగ్గర బేరమాడినవాళ్లే ఆమె ఊరమిరపకాయ నంజుకుంటూ "మహాతల్లి" అన్నారు. విస్తళ్లు లాగేద్దామన్నంత మంట పుట్టింది. మా ఆయన దొడ్డంతా తిరిగి చూసి "ఈ మునగచెట్టు కొట్టేస్తే ట్రాక్టరు పట్టిద్ది" అన్నాడు. ఆమె కూతురు వినలేదు, అదృష్టం. వెళ్లేటప్పుడు "దొడ్డి నువ్వే చూసుకో పిన్నీ" అని తాళం నాకే ఇచ్చింది.

నిన్న చీరాల నుంచి ఫోన్. అక్క కాయలు మళ్లీ కావాలట. మొక్కల మీద చూస్తే నాలుగు గుప్పిళ్లు కూడా లేవు.

"మన చేలోవి బుట్టెడు కలుపు. ఎవరికి తెలిసిద్ది?" అన్నాడు మా ఆయన.

"నువ్వు తింటావా?" అన్నాను. ఈసారికి కాయలు లేవని చీరాల వాళ్లకు చెప్పేశాను.

ఈ పొద్దున ఆయన చేనుకు మందు కొట్టి నేరుగా దొడ్డిలోకి రాబోయాడు. "ఏందయ్యా, ఆడే ఆగు" అని అరిచాను. గేటు పక్కన కొబ్బరిచిప్పలో అక్క సబ్బు ఉంది. మధ్యలో ఆమె బొటనవేలు నొక్కీ నొక్కీ పడిన గుంట. నేను రోజూ అందులోనే వేలు పెట్టి రుద్దుకుంటున్నాను. ఆయన గొణుక్కుంటూ చేతులు తడిపాడు, పైపైన రుద్ది గేటు మీద చెయ్యి వేశాడు.

"మోచేతుల దాకా" అన్నాను.

మళ్లీ సబ్బు తీసుకున్నాడు. ఆయన వేలు కూడా ఆ గుంటలోనే పడింది. నురగ తెల్లగా వచ్చేదాకా నేను గేటు తీయలేదు.