గుప్పెడు కడుపు, బాలింత పథ్యం

తెలంగాణ రావడానికి ముందటేడు నాకు పాప పుట్టింది. అంతకు రెండేళ్ల కిందటే, లావు తగ్గడానికి హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుని కడుపును గుప్పెడంత చేసుకున్నాను. కడుపు తగ్గాకే కడుపు పండింది. కామారెడ్డిలో అత్తగారింట నా బరువు తగ్గాలని మొక్కినదాన్ని, ఎల్లారెడ్డిలో తల్లిగారింట పాప బరువు పెరగాలని మొక్కుతూ కూర్చున్నాను.

మా అమ్మను మేం అవ్వ అంటాం. బాలింత పథ్యం పెట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. అన్నం, వెల్లిపాయ కారం, కాచిన నీళ్లు. పప్పు వద్దు, గుడ్డు వద్దు, పెరుగు అసలే వద్దు. ఆపరేషన్ చేసిన డాక్టర్ జీవితాంతం వేసుకోమన్న మాత్రలూ అటకెక్కాయి.

"గోలీల వేడి పాలల్లకు దిగుతది బిడ్డా. మిమ్ముల సాదినదాన్ని, నాకు ఎర్కలేదా?"

నాలుగు ముద్దలకే నా కడుపు తలుపేసుకునేది. ఆ నాలుగూ ఉత్త అన్నమే. వాదించే ఓపిక లేదు. పాప లాగి లాగి అలిసిపోయి ఏడ్చేది, దాని వెనకే నేను. ఏమీ పాలుపోని స్థితి అంటే అదే.

పక్కింటి పెద్దమ్మ బుగ్గన వేలేసుకుంది. "గంత లావుంటివి, పాలేడ వోయినయే?"

"లావు ఏడికి వోయిందో గవి గూడ గాడికే వోయినయ్, పెద్దమ్మా."

ఆమె పడీపడీ నవ్వింది. నాకు నవ్వడానికీ శక్తి లేదు.

టీకా కోసం కామారెడ్డి వెళ్తే, పిల్లల డాక్టరమ్మ పాపను తూచి పెదవి విరిచింది. "ఎదుగుతలేదు. తల్లి ఏం తింటున్నది?"

"పత్తెం తప్పనియ్యలే మేడం. పప్పు గూడ ముట్టనియ్యలే," అంది అవ్వ, మెప్పు కోసం చూస్తూ.

నేను ఆపరేషన్ సంగతి చెప్పాను. డాక్టరమ్మ అవ్వ వైపు తిరిగింది. "ఈమెకు పట్టేదే గుప్పెడు. ఆ గుప్పెట్ల కారం మెతుకులేనా అమ్మా? గుడ్డు, పప్పు పెట్టుండ్రి, గోలీలు మళ్ల మొదలువెట్టుండ్రి. అందాక పాపకు డబ్బా పాలు గూడ పట్టాలె."

డబ్బా అనగానే అవ్వ ముఖం మాడిపోయింది. బస్సు ఊరు దాటాక నా వైపు తిరిగింది.

"నేను గిట్లనే తిని మిమ్ముల సాదిన గద?"

"నీ కడుపు కోయలే గదనే అవ్వా."

"ఔ మల్ల," అంది.

మర్నాటి నుంచి పొద్దంతా గిన్నె పట్టుకుని నా చుట్టే తిరిగింది. సగం గుడ్డు, కాసేపాగి రెండు చెంచాల పప్పు, ఇంకాసేపాగి పెరుగు. పాపకు నేను, నాకు అవ్వ. నమిలి నమిలి నా దవడలు నొప్పి పుట్టాయి. పాలు కొంచెం పెరిగాయిగాని పొంగి పొర్లలేదు, డబ్బా పోలేదు.

మళ్లీ తూకానికి వెళ్తే పాప బరువు పెరిగింది.

"ఇగ డబ్బా బంద్ జేయొచ్చా మేడం?" అవ్వ ఆశగా అడిగింది.

"ఇప్పుడే వద్దు."

అవ్వ నిట్టూర్చింది. మందుల షాపులో తనే కొత్త డబ్బా అడిగి తీసుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంది. పాప నా చేతి మీద నిద్రపోయింది. చెయ్యి తిమ్మిరెక్కి లాగేస్తోంది. అయినా మార్చుకోలేదు.