నూరు లెక్కపెట్టేదాకా

ఈ ఉదయం వెనక మెట్ల మీద నిలబడి కాఫీ తాగుతుంటే మణికట్టు దగ్గర రొద వినబడింది. కందిరీగ అనుకుని చేయి విదిలించబోయి ఆగిపోయాను. కెనడాలోని ఈ బర్నబీలో ఫిబ్రవరి చలికి కందిరీగలెక్కడివి? బొటనవేలంత హమ్మింగ్ బర్డ్ గాలిలో నిలబడి, నా చేతికున్న ఎర్రదారాన్ని ముక్కుతో పొడిచి చూస్తోంది. పువ్వనుకుంది కాబోలు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఆ దారం సంగతి తెలిసిన మనిషి సుగుణ ఆంటీ ఒక్కరే. ఆవిడ పోయి ఏడాది దాటింది.

ఆంటీ గుంటూరు మనిషి, రిటైరైన మత్తు డాక్టరు. వరంగల్ నుంచి చదువుకోడానికి వచ్చి ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగాను. మొదటిరోజే ఆ ఇంటిని చూసి జడుసుకున్నాను. లోపల అద్దంలా మెరిసే ఇంటికి బయట చూరంతా సాలెగూళ్లే. మంచి మార్కులు కొట్టేద్దామని చీపురు పట్టుకుని దులపబోతే, "ముట్టుకోకు! పిట్టలు గూడు అల్లుకునే దారం అది" అని కేకేశారు. ముక్కున సాలెపోగు పట్టుకుపోయే పిట్టని కళ్లతో వెంబడిస్తే గూడు దొరుకుతుందని ఆవిడే నేర్పారు. నేర్పారంటే, గంటలకొద్దీ వానలో నిలబెట్టారు. గూడు దొరికాక ఇరవై అడుగుల దూరం నుంచే ఫోటో తీయాలి, కొమ్మ మీద చేయి వేయకూడదు. అక్కడ ఆవిడ మాటకి తిరుగులేదు.

తర్వాతి చలికాలం కొత్త కెమెరా కొన్నాను. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. పెరటి సెడార్ చెట్టు మీద నిమ్మచెక్కంత గూడు, అందులో పొదుగుతున్న పిట్ట. దాని మీదికి గొడుగులా వాలిన రెమ్మ ఒకటి నా ఫోటోకి అడ్డం. ఆంటీ ఇంట్లో లేని మధ్యాహ్నం, పిట్ట మేతకి ఎగరగానే, అమ్మ గుడిలో పూజ చేయించి పంపిన ఎర్రదారం మణికట్టు నుంచి విప్పి ఆ రెమ్మని పక్కకి లాగి కట్టేశాను. ఫోటో అద్భుతంగా వచ్చింది. ఆ సంబరంలో దారం విప్పడం మరిచిపోయాను. ఆ రాత్రి మంచు కురిసింది.

తెల్లారి చూస్తే పిట్ట గూట్లోనే ఉంది. ముక్కు ఆకాశం వైపు, మూతపడ్డ కళ్లు, వీపు మీద మంచు. పరుగెత్తుకెళ్లి ఆంటీ తలుపు కొట్టాను.

"ఆంటీ, పిట్ట చచ్చిపోయింది. నేనే చంపిన."

ఆవిడ బైనాక్యులర్స్ తెచ్చుకుని చూశారు. నా ఎర్రదారం కూడా కనబడే ఉంటుంది. బైనాక్యులర్స్ నా చేతిలో పెట్టారు.

"చావుకీ నిద్రకీ మధ్య ఒక గది ఉంటుందయ్యా. నా ఉద్యోగమంతా ఆ గదిలోనే. చలికి తట్టుకోలేక ఇది అందులోకి వెళ్లిందేమో. రొమ్ము చూస్తూ లెక్కపెట్టు. నూరు లెక్కపెట్టేదాకా ఎవర్నీ పోయారనకు."

నూరు లెక్కపెట్టాను. చిన్న కదలిక కూడా లేదు. పెరడంతా ఊపిరి బిగబట్టినట్టుంది.

"మళ్లీ మొదలుపెట్టు" అన్నారు ఆంటీ, నా చెవి దగ్గర.

అరవై దాటాక పిట్ట తోక వణికింది. తర్వాత ఒళ్లంతా. కళ్లు తెరిచి, ఎక్కడికో వెళ్లొచ్చినదానిలా మమ్మల్ని చూసింది. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అది మేతకి లేవగానే దారం విప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ ఆకులు ఇంకా మిగిలున్నాయి. ఆ గూటి నుంచి రెండు పిల్లలు ఎగిరాయి. "ఆ ఫోటో చెరపకు, ఎవరికీ చూపించకు" అన్నారు ఆంటీ. దారం మళ్లీ నా చేతికి కట్టింది కూడా ఆవిడే.

మరుసటి శీతాకాలం ఆంటీ గుండె ఆగిపోయింది. ఫ్యునరల్ హోమ్‌లో ఆవిడ తెల్లచీరలో పడుకుని ఉన్నారు. నేను ఆవిడ ఛాతీ వైపు చూస్తూ లెక్కపెట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నిజంగా ఎదురుచూశాను. నూరు అయింది. అప్పుడు చెవి దగ్గర, అదే గొంతు: "మళ్లీ మొదలుపెట్టు."

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మళ్లీ మొదలుపెట్టాను. ఎంతదాకా వెళ్లానో తెలియదు, ఆవిడ కూతురు వచ్చి నా భుజం మీద చేయి వేసి, "షి ఈజ్ గాన్" అనేదాకా.

ఇప్పుడా ఇంటి పై వాటాలో నేనే ఉంటున్నాను. చూరు దులపను. ఈ ఉదయం పిట్ట దారాన్ని వదిలి, చూరు నుంచి ఒక సాలెపోగు తెంపుకుని సెడార్ వైపు వెళ్లింది. గూడు ఎక్కడో చూడాలని కళ్లు వెంబడించాయి గానీ, పెదాలు మాత్రం వాటంతట అవే ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాయి.