ముఖ్య అతిథి తన్నిన బంతి

తొంభైల చివర ఒక చెరకు క్రషింగ్ సీజన్‌లో నన్ను సిరికొండ నుంచి బోధన్‌కు బదిలీ చేశారు. ఉద్యోగం వ్యాయామ ఉపాధ్యాయుడిది. జిల్లాలో రగ్బీ లీగ్ ఆడినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి శిక్షకుడు, రెఫరీ, జిల్లా సంఘం కార్యదర్శి అన్నీ నేనే. అధ్యక్ష పదవికి మాత్రం ఆట తెలియనివారే కావాలి. అది అన్ని సంఘాల ఆచారం. కనుక ఊళ్లో ఒక పెద్దమనిషిని ఎన్నుకున్నాం.

జట్టుకు పదమూడు మంది ఆడే ఈ ఆటలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. ముందుకు పరుగెత్తుతూ వెనకవాడికి అందించాలి. నేను పోగుచేసిన కబడ్డీ కుర్రాళ్లకు పట్టు నేర్పనక్కర్లేకపోయింది గాని, ఈ వెనక్కి ఇవ్వడం నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ముందుకు పోవాల్సిన ఫైలు ప్రతిసారీ వెనక్కే రావడం చూసిన ఉద్యోగిని గనుక నాకు ఆ నియమం వింతగా తోచలేదు.

సంఘానికి గుర్తింపు రావాలంటే రాష్ట్ర పరిశీలకుడు ఒక మ్యాచ్ పూర్తిగా చూడాలి. గుర్తింపు లేని జిల్లా నుంచి రాష్ట్ర జట్టు ఎంపికకు ఎవరినీ పిలవరు. ఆ మ్యాచ్‌కు ముందురోజే మా కెప్టెన్ దేవదానం అన్నాడు: “సార్, ఈసారి తప్పితే నాకు ఏజ్ దాటిపోతది.”

మా దగ్గరున్నది ఒకే బంతి. రెండోది అధ్యక్షులవారు తొందర్లో ఇప్పిస్తామన్నారు. అది ఇప్పటికీ తొందర్లోనే ఉంది.

మ్యాచ్‌కు ముఖ్య అతిథి కూడా వారే. ఎండ నెత్తికెక్కాక వచ్చి, బంతిని తిప్పి చూసి, “ఏం సారూ, గిట్ల కోలగున్నదేంది? గాలి సక్కగ కొట్టియ్యలేదా?” అని మందలించారు. తర్వాత ప్రారంభ సూచకంగా ఒక తన్ను తన్నారు. బంతి గోడ దాటి, ఫ్యాక్టరీ వైపు మెల్లగా కదులుతున్న చెరకు లారీ మీద పడింది. చప్పట్లు మోగాయి. వారు సంతోషించి కారెక్కారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పరిశీలకుడు గడియారం చూసుకుంటుండగా దేవదానం గోడ దూకాడు. మిగతావాళ్లు వెంటపడ్డారు. అతను లారీ వెనక తాళ్లు పట్టుకుని చెరకు మీదికెక్కి, బంతి దొరకగానే వెనక పరుగెత్తుతున్నవాడికి విసిరాడు. వాడు తన వెనకవాడికి, ఆ వెనకవాడు ఇంకొకడికి. నెలల తరబడి నేర్పినా రాని పాఠం ఆ రోడ్డు మీద తప్పు లేకుండా వచ్చేసింది. గోడ దగ్గర నిలబడి అంతా చూసిన పరిశీలకుడు, “వెనక్కిచ్చుడు మీ పోరగాళ్లకు మస్తొచ్చు” అని మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

మ్యాచ్ జరిగింది. గుర్తింపు వచ్చింది. దేవదానం ఆ యేడే రాష్ట్ర జట్టుకు ఆడాడు. ఇదంతా తన తన్ను చలవేనని అధ్యక్షులవారు సన్మాన సభలో చెప్పారు. ఆలోచిస్తే అది అబద్ధమూ కాదు.

ఆ రోజు నేర్చుకున్నది ఒకటే. ముఖ్య అతిథి చేతికి కొబ్బరికాయ ఇవ్వాలి, బంతి దాచిపెట్టుకోవాలి. రిటైరయ్యేదాకా అలాగే చేశాను.