బావ తిన్న బిస్కెట్టు

మా బావది విమానాలను పిలిచే ఉద్యోగం. నవ్వకండి, అంతకంటే సరిగ్గా చెప్పడం నాకు చేతకాదు. ఆకాశం నుంచి దిగి, రన్‌వే మీద దొర్లుకుంటూ వచ్చిన విమానం ఎక్కడ ఆగాలో తెలియక తటపటాయిస్తుంటే, ఆయన పసుపు కోటు వేసుకుని, రెండు చేతుల్లో రెండు ఎర్ర కర్రలు పట్టుకుని, దాని ముక్కుకి ఎదురుగా నిలబడి రా రా అని చేతులూపుతాడు. అది వస్తుంది. కొంచెం ఎడమకి అంటాడు, తిరుగుతుంది. తల మీద రెండు చేతులూ అడ్డంగా కలిపితే ఉన్నచోటే ఆగిపోతుంది. లోపల కూర్చున్న పైలట్ ఎంత చదివినవాడైనా సరే, ఆ చేతులు దాటి అంగుళం ముందుకు రాడు. దీన్ని మార్షలర్ ఉద్యోగం అంటారు.

ఇలాంటి పనిచేసేవాడికి మాటలతో పనేముంటుంది? ఇంట్లో కూడా అంతే. మా అక్క ఏదైనా అడిగితే తల ఊపుతాడు, లేకపోతే చెయ్యి ఊపుతాడు. "ఈయన నోట్లోంచి ఒక మాట బయటికి లాగాలంటే పట్టకారు కావాల్రా" అంటుంది అక్క. అక్క కూడా అక్కడే, విమానాల్లో పంచే భోజనాల ట్రేలు సర్దే కిచెన్‌లో పనిచేస్తుంది. నేను ప్రయాణికులు దిగిపోయాక లోపలికెళ్ళి వాళ్ళు సీట్ల సందుల్లో కుక్కిన చెత్త ఏరే బ్యాచ్‌లో ఉన్నాను. ముగ్గురం ఒకే యూనియన్‌లో సభ్యులం, ముగ్గురం దాన్ని తిట్టేవాళ్ళమే.

తిట్టడానికి కారణం ఉంది. మా యూనియన్ సెక్రటరీ గారు కంపెనీతో కిందటిసారి ఒప్పందం చేసుకుని వచ్చినప్పుడు, కుర్చీ ఎక్కి "ఇది చారిత్రక విజయం" అన్నారు. మేము చప్పట్లు కొట్టి, ఆ తర్వాత కాగితం చదువుకున్నాం. విజయమంతా యూనిఫాం గుండీల్లో ఉంది. ప్లాస్టిక్ గుండీలు తీసేసి ఇత్తడి గుండీలు కుట్టించారు. ఆ రోజు నుంచి డ్యూటీకి వచ్చినప్పుడల్లా సెక్యూరిటీ గేటు కుయ్యోమనడం, మమ్మల్ని పక్కకి లాగి ఒళ్ళంతా తడమడం. నాకు ఇప్పటికీ ఇత్తడి చూస్తే ఒళ్ళు మండుతుంది.

అందుకని ఈసారి చర్చలు మొదలవుతున్నాయనగానే, లోడర్ల మేస్త్రి రెస్ట్ రూమ్‌లో బల్ల మీద చరిచాడు. సూట్‌కేసులు మోసీ మోసీ ఆయన అరచేయి రొట్టెల పెనంలా ఉంటుంది.

"మళ్ళీ మన చెవిలో పువ్వు పెడతాడు. లోపలేం మాట్లాడుతున్నాడో మనకి తెలియాలి. మనవాడొకడు ఆ గదిలో కూర్చోవాలి" అన్నాడు.

సెక్రటరీ గారు నొచ్చుకున్నారు. "నా మీద అంత నమ్మకం లేదా తమ్ముడూ?" అని అడిగారు.

"లేదన్నా" అన్నాడు మేస్త్రి, మర్యాదగానే.

కంపెనీ ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. పరిశీలకుడు నోరు విప్పకూడదు. ఒక్క మాట మాట్లాడినా అప్పటిదాకా జరిగిన చర్చలు రద్దయి మళ్ళీ మొదటికొస్తాయి. ఫోన్ బయట పెట్టాలి, మధ్యలో బయటికి రాకూడదు. ఈ షరతు వినగానే రెస్ట్ రూమ్‌లో అందరి తలలూ ఒకేసారి మా బావ వైపు తిరిగాయి. ఆయన గ్లాసులోని టీ చల్లార్చుకుంటున్నాడు.

"నోరు విప్పకూడదన్నారు కానీ, చేతుల సంగతి ఎవడూ ఎత్తలేదుగా" అన్నాడు మేస్త్రి.

ఆ ఆలోచన అందరికీ తెగ నచ్చింది. చర్చలు జరిగే గది రెండో అంతస్తులో ఉంది. దాని గోడ మొత్తం అద్దమే, కింద విమానాలు ఆగే చోటంతా కనిపిస్తుంది. కిందనుంచి చూస్తే ఆ గదీ కనిపిస్తుంది. బావ డ్యూటీ పసుపు కోటుతోనే అద్దం పక్కన కూర్చుని సైగలు చేస్తే చాలు. చేతులు పక్కకి చాపితే మాటలు సాగుతున్నట్టు. బొటనవేలు పైకెత్తితే మంచి జరుగుతున్నట్టు. తల మీద చేతులు అడ్డంగా కలిపితే మనల్ని అమ్మేస్తున్నట్టు, అందరూ ఎక్కడి పని అక్కడ ఆపెయ్యాలి. ఇంత తేలికైన ఏర్పాటు మా బుర్రలకి తట్టినందుకు మాకే ముచ్చటేసింది.

మొదటి రోజు కాసేపటికే బావ రెండు చేతులూ పక్కకి చాపాడు. మాటలు సాగుతున్నాయని సంబరపడ్డాం. మరి కాసేపటికి మళ్ళీ చాపాడు, ఆవలించాడు. అది ఒళ్ళు విరుచుకోవడమని అర్థమయ్యేసరికి కింద రెండు వర్గాలు తయారయ్యాయి. ఆవలింతతో కలిపి చాపితే లెక్కలోకి రాదని లోడర్లు, వస్తుందని మా క్లీనర్లు. చెవి గోక్కుంటే ఒక అర్థం, ముక్కు తుడుచుకుంటే ఇంకో అర్థం. నేను చీపురు పట్టుకుని మెట్ల మీద నిలబడి "ఆయనకి జలుబురా బాబూ" అని మొత్తుకుంటే, నేను కావాలని కప్పిపుచ్చుతున్నానన్నారు.

కొంప ముంచింది మాత్రం బిస్కెట్టు. టీ తెచ్చిన మనిషి అందరి ముందూ ప్లేటు పెట్టినట్టే బావ ముందూ పెట్టింది. బావ ఒకటి తీసుకుని, టీలో ముంచి తిన్నాడు. కిందనుంచి అందరూ గుడ్లప్పగించి చూశారు.

"బిస్కెట్ వేశారు" అన్నాడు మేస్త్రి.

మామూలుగా ఆ మాట, ఎవరినైనా కాకా పట్టి బుట్టలో వేసుకున్నప్పుడు అంటాం. ఇక్కడ నిజంగానే బిస్కెట్టు ఉంది, నిజంగానే వేశారు, నిజంగానే తిన్నాడు. దానికి ఎదురు చెప్పడం ఎలా? సాయంత్రానికల్లా కిచెన్ నుంచి పెట్రోలు బంకు దాకా ఆ వార్త పాకింది. అది క్రీమ్ బిస్కెట్టని ఒకడు కళ్ళారా చూశానన్నాడు. మరునాటి నుంచి బావ మెట్లెక్కి పైకి వెళుతుంటే ఎవరూ పలకరించలేదు. పరిశీలకుణ్ణి పరిశీలించడానికి మరొకణ్ణి పంపాలని తీర్మానం కూడా చేశారు. ఆ మరొకణ్ణి నమ్మడం ఎలా అన్న దగ్గర ఆగిపోయింది గానీ, లేకపోతే గదిలో కుర్చీలు చాలేవి కావు.

బావకి ఇది తగిలింది. ఆ రోజు అన్నం దగ్గర, పట్టకారు అక్కర్లేకుండానే నోరు తెరిచాడు.

"ఆకలేసింది, తిన్నాను" అన్నాడు నాతో.

"ఇంకెప్పుడూ తినకు బావా" అన్నాను.

చర్చలు చివరికొచ్చిన రోజు ఏం జరిగిందో, గది లోపలి సంగతి బావే తర్వాత నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కంపెనీ లాయరు ఒప్పందంలోని అంశాలు చదువుతున్నాడు. విమానాలు ఆగే చోట్ల మార్షలర్ల బదులు దీపాల స్తంభాలు పెడతారట. ఆకుపచ్చ వెలిగితే విమానం రావాలి, ఎరుపు వెలిగితే ఆగాలి. స్తంభానికి జీతం, సెలవు, జలుబు ఏవీ ఉండవు. మార్షలర్లందరినీ ఇంటికి పంపేస్తారు. బావ వింటూ కుర్చీ అంచుకి జరిగాడు. సెక్రటరీ గారు ఏమంటారా అని చూశాడు.

 సెక్రటరీ గారు బావ వైపు చూడకుండా, "దానికి బదులు మాకేమిస్తారు?" అన్నారు.

"ఎండలో వానలో బయట నిలబడేవాళ్ళందరికీ కొత్త రెయిన్‌కోట్లు" అన్నాడు కంపెనీ మేనేజరు.

"మంచి రకమేనా?"

"మేలు రకం."

సెక్రటరీ గారు కలం మూత తీశారు. బయట నిలబడేవాళ్ళనే తీసేస్తే ఆ కోట్లు ఎవరికి తొడుగుతారో ఆయన అడగలేదు. బావ అడగలేడు. లేచి, అద్దం వైపు తిరిగి, తల మీద రెండు చేతులూ అడ్డంగా కలిపాడు.

నేను ఆ సమయంలో విమానం మెట్ల మీదే ఉన్నాను. చూశాను. కిందున్నవాళ్ళందరూ చూశారు. అనుకున్న ప్రకారం ఎక్కడి పని అక్కడ ఆగిపోవాలి.

"ఆపకండి!" అని అరిచాడు మేస్త్రి. "బిస్కెట్ తిన్నవాడు ఆపమంటున్నాడంటే, కంపెనీ ఆపించమందన్నమాట. మనం ఆపితే అదే సాకుగా మనకి ఎసరు పెడతారు. కానివ్వండి!"

ఇక చూసుకోండి. మా లోడర్లు సూట్‌కేసులు అంత చురుగ్గా మొయ్యడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. క్లీనర్లు తుడిచిన సీట్లే మళ్ళీ తుడిచారు. కిచెన్ ట్రాలీలు పరుగులు పెట్టాయి. పైన అద్దంలో మా బావ చేతులెత్తి నిలబడే ఉన్నాడు, ఒక్కడంటే ఒక్కడు ఆయన మాట వినలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

విన్నది ఒక్క పైలట్. అప్పుడే దిగిన విమానం ఒకటి, ఆ అద్దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న చోటికి తిరుగుతోంది. కింద డ్యూటీలో ఉన్న మార్షలర్, బిస్కెట్ గురించి వాదించడానికి పక్కకెళ్ళాడు. పైలట్ తలెత్తి చూస్తే పసుపు కోటు, తల మీద అడ్డంగా చేతులు. బ్రేకు వేశాడు. దాని వెనక వస్తున్నదీ ఆగింది, దాని వెనకదీ ఆగింది. డ్యూటీ మార్షలర్ పరుగెత్తుకొచ్చి రా రా అని ఊపాడు. కింద ఒకడు రమ్మంటున్నాడు, పైన ఒకడు ఆగమంటున్నాడు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఆగమన్నవాడి మాటే వినాలని పైలట్ల నియమం. విమానం కదల్లేదు.

టవర్ నుంచి మేనేజరుకి ఫోనొచ్చింది. "మీ గదిలో ఎవరో ఎయిర్‌పోర్టు ఆపేశారు. ఆయన్ని చేతులు దించమనండి."

మేనేజరు బావ దగ్గరికొచ్చాడు. "చేతులు దించండి సార్" అన్నాడు. బావని ఎవరైనా సార్ అనడం అదే మొదలు. బావ దించలేదు.

"అసలేం కావాలో చెప్పండి!"

"చెప్పకూడదు" అని అడ్డొచ్చాడు లాయరు. "ఆయన మాట్లాడితే షరతు ప్రకారం చర్చలు రద్దు. మళ్ళీ మొదటి పేజీ నుంచి రావాలి."

దాంతో అందరూ పొడుపుకథ విప్పడానికి కూర్చున్నారు. చలేస్తోందా అని ఏసీ కట్టేశారు. ఎండ పడుతోందా అని తెర లాగబోయి, ఆపినవాడే చేతులు దించడం కనబడందే పైలట్ కదలడని టవర్ వాళ్ళు కోప్పడితే మళ్ళీ తీశారు. ఒకాయన బిస్కెట్ల ప్లేటు తెచ్చి ముక్కు కింద పెట్టాడు. కిందనుంచి అది కూడా అందరూ చూశారు. బావ మొహం పక్కకి తిప్పుకున్నాడు. చేతులు మాత్రం దించలేదు.

చివరికి సెక్రటరీ గారే తల దించుకుని, కాగితం ముందుకు లాక్కుని, దీపాల స్తంభాల అంశం మీద అడ్డంగా గీత కొట్టారు. మేనేజరు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఆ గీత పక్కన సంతకం చేశాడు. బావ చేతులు దించాడు. కింద విమానం కదిలింది.

ఇక మావాళ్ళు ఊరేగిస్తారనుకున్నాను, నా పిచ్చి గానీ. సామాన్ల హాల్లో మీటింగ్ పెట్టి సెక్రటరీ గారు ఒప్పందం చదివారు. మార్షలర్ల ఉద్యోగాలు పదిలం, అదనంగా రెయిన్‌కోట్లు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేస్త్రి లేచాడు.

"అంటే మనకి పనికొచ్చేది సాధించడం నీకు చేతనైందన్నమాట. చేతనై ఉండి ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదన్నా?"

 సెక్రటరీ గారు గుండీలతో వచ్చినప్పుడు పదవిలోంచి దించనివాళ్ళు, ఒక్కసారి గెలిచి వచ్చేసరికి దించేశారు. మరి కొత్త సెక్రటరీ ఎవరు? కంపెనీ వాళ్ళు ప్లేటు పట్టుకుని బతిమాలినా బిస్కెట్టు ముట్టనివాడు ఒక్కడే ఉన్నాడు. బావ వద్దు వద్దని చేతులు ఊపాడు. అవునంటున్నాడని అందరూ కేకలు వేశారు. ఆ రోజు మొదటిసారి చప్పట్లు మోగాయి, నేనూ గట్టిగా కొట్టాను.

సెక్రటరీ అయినవాడు డ్యూటీ చెయ్యకూడదని మా యూనియన్ నియమం, పూర్తిగా ఆఫీసులోనే ఉండాలి. బావ ఎర్ర కర్రలు రెండూ స్టోర్‌లో ఇచ్చేసి వచ్చాడు. ఆ ఉద్యోగాన్ని నిలబెట్టినవాడికే ఆ ఉద్యోగం లేదు. రెండో రోజు రెయిన్‌కోట్ల సైజుల కోసం మేనేజరు పిలిస్తే వెళ్ళి, తలుపు మూసిన గదిలో కాసేపు కూర్చుని వచ్చాడు. రెస్ట్ రూమ్‌లోకి వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయట. బల్ల దగ్గర మేస్త్రి తన గ్లాసు తీసుకుని పక్క బల్లకి మారాడట.

మరునాడు ముగ్గురికీ సెలవు, నేను వాళ్ళింట్లోనే భోజనానికి కూర్చున్నాను. అక్క వడ్డించడం అయ్యాక బావ ఎదురుగా కూర్చుంది. చాలాసేపు ఏదో అడగాలని చూస్తూ, కూర గిన్నె అటూ ఇటూ జరుపుతూ ఉంది. చివరికి గొంతు తగ్గించింది.

"ఏమండీ, బయటివాళ్ళకి చెప్పకపోతే పోనీండి. నేను పరాయిదాన్నా? నాకు నిజం చెప్పండి. నిన్న ఆ గదిలో మీకేం ఇస్తామన్నారు?"

బావ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అక్క మొహం చూశాడు, తర్వాత నా వైపు తిరిగాడు. నేను అక్కని కసురుతాననుకున్నాడు కాబోలు. నేను కసరలేదు. ఆయన ఏం చెబుతాడా అని, తినడం ఆపి నేనూ ఎదురుచూస్తున్నాను.