పూడ్చిన అయిదు గుంతలు

మా అక్క మొగుడు బళ్ళో డ్రాయింగు మాస్టారు. పిల్లలచేత కుండలూ కూజాలూ గీయించడం తప్ప మరో పని చేతకాని మనిషి, ఎవరో వదిలించుకున్న పాత డొక్కు కారు కొనుక్కొచ్చి, తనే బాగుచేస్తానని బయల్దేరాడు. ఆరేళ్ళపాటు ఆ ఇంట్లో గేర్‌బాక్సు భోజనాల బల్ల కింద, కార్బురేటరు అద్దం ముందు దువ్వెన పక్కన కాపురం చేశాయి. అక్క మాత్రం మొదటిరోజే చెప్పేసింది, తమ్ముడు ఎక్కమంటేనే ఆ బండి ఎక్కుతానని. ఆ ఇంట్లో బావ మాటకున్న విలువ అంతే.

లేతు షాపులో ఇంజను సామాను తూకానికి తేవడం నా పని. గిరగిరా తిరిగే ఇనుము ఏ పక్కా బరువు మొగ్గకూడదు. మొగ్గితే అదురుతుంది. అదురు ముదిరితే ఉక్కైనా విరుగుతుంది. ఇది బావకి ఇరవైసార్లైనా చెప్పి ఉంటాను. చెప్పినప్పుడల్లా తలూపేవాడు. తలూపడంలో అతన్ని మించినవాణ్ణి నేను చూడలేదు.

ఆదివారం వస్తే చాలు, గుడ్డసంచీతో దిగబడేవాడు. పాత బజారులో ఏరుకొచ్చిన పదకొండు కనెక్టింగ్ రాడ్లు నేను ఒక్కొక్కటే తూచి, ఇంజనుకి కావలసిన నాలుగూ ఒకే బరువున్నవి ఏరి పక్కన పెడితే, తుప్పు మరకలేని అయిదోదాన్ని పట్టుకుని ఇది అందంగా ఉంది కదా అనేవాడు. జన్మంతా నూనెలో మునిగి తిరిగే రాడ్డుకి అందమేమిటో ఆ డ్రాయింగు బుర్రకే తెలియాలి.

ఆ రాడ్లు తిప్పే ఇరుసు, క్రాంక్‌షాఫ్టు మాత్రం ఒక్కటే ఉంది. ఆ కంపెనీ మూతపడి ముప్పై ఏళ్ళయింది, పోతే ఇంకోటి రాదు. దాని చివర ఫ్లైవీలు అనే బరువైన చక్రాన్నీ, క్లచ్ కవరునీ బిగించి, మూడింటినీ కలిపి మిషను మీద తిప్పాను. బరువెక్కువైన చోట ఫ్లైవీలుకి అయిదు గుంతలు తొలిచి తూకం కుదిర్చేసరికి రెండు రోజులు పట్టింది. బావ ఆ గుంతలకేసి చూసి మొహం చిట్లించి, సామానంతా రిక్షాలో వేసుకుని పోయాడు.

బండి స్టార్టు చేసిన రోజు వీధి వీధంతా పోగయింది. ఇంజనంతా తన చేతిపనేననీ, బావమరిది ఏవో నాలుగు చిల్లులు పొడిచాడనీ బావ ఒకటే కోతలు. నాకు ఒళ్ళు మండిపోయింది. బానెట్ మీద చెయ్యి పెట్టాను. సన్నగా అదురుతోంది. యాక్సిలరేటరు తొక్కితే అదురు మోచేతిదాకా పాకింది.

"ఫ్లైవీలుని ఏం చేశావు బావా?" అని మెల్లిగా అడిగాను.

"గుంతలు అసహ్యంగా ఉన్నాయని వెల్డింగు పెట్టి పూడ్పించేశాను. పైన పాలిష్ కూడా కొట్టించా. అద్దంలా ఉంది తెలుసా."

బిగించాక ఎవరికీ కనబడని అద్దం.

ఒక్క మాట అంటే బండి అక్కడే ఆగిపోయేది. అనలేదు. ఊరు దాటేలోగా అదురుకి బోల్టులు వదులవుతాయి, బండి మొరాయిస్తుంది, నలుగురిచేత తోయించుకుంటూ ఇదే వీధిలోకి వస్తాడు, ఆ మొహం నేను చూడాలి అనుకున్నాను. ఇంతలో, అప్పటిదాకా గుమ్మంలోంచి చూస్తున్న అక్క ఇస్త్రీ బట్టల్లో గేటు దగ్గరికి వచ్చింది. బావ తలుపు తీసి పట్టుకున్నా అతనివైపు చూడలేదు, నావైపే చూసింది.

"ఎక్కమంటావా?"

"ఎక్కు," అన్నాను.

కొండ దారి దిగుతుండగా క్రాంక్‌షాఫ్టు రెండు ముక్కలైంది. చక్రాలు పట్టేసి, బండి గట్టుకి కొట్టుకుని ఆగింది. బావకి గీత కూడా పడలేదు. అక్క మణికట్టు విరిగింది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ బావ అదే పనిగా చెబుతున్నాడు: తప్పంతా తనదేనట, బావమరిది బంగారంలాంటి పని చేసిపెడితే తన అందాల పిచ్చితో చెడగొట్టుకున్నాడట. అంత సిగ్గులేకుండా తప్పు ఒప్పుకునేవాణ్ణి ఏమనాలో నాకు తెలియలేదు. కట్టు వేసిన చేతిని దిండు మీద పెట్టుకుని పడుకున్న అక్క, అతను మంచినీళ్ళకని లోపలికి వెళ్ళేదాకా ఆగింది.

"ఆయన తెలియక చేశారు. బానెట్ మీద చెయ్యి పెట్టినప్పుడే నీకు తెలిసిపోయింది కదరా?"

నేను తలూపాను.