మేనమామ ఒడి, మత్తు మాస్కు

కోవిడ్ తగ్గిన ఏడాది నన్ను కర్నూలులో పిల్లల ఆపరేషన్ థియేటరుకు మత్తు డాక్టరుగా వేశారు. రిటైరయ్యే ముందు అదే నా ఆఖరి పోస్టింగు. చిన్నపిల్లలకు మేము మొదటే సూది వెయ్యం. ముక్కూ నోరూ కప్పే మాస్కు పెట్టి మత్తు వాయువు పీల్పిస్తాం. నిద్రపోయాకే నరంలో సూది. గుక్కపట్టి ఏడ్చే పిల్లకు అలా మత్తు ఇస్తే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. అందుకని ఇంటివాళ్ల ఒడిలో కూర్చోబెట్టి మాస్కు పెట్టడం మా పద్ధతి.

ఆ శీతాకాలం కోసిగి నుంచి నాగవేణి అనే నాలుగేళ్ల పిల్లను తెచ్చారు. ఉడుకు గంజి పడి కాలిన కుడిచెయ్యి మానేటప్పుడు చర్మం ముడుచుకుని, వేళ్లు అరచేతికి అతుక్కుపోయాయి. విడదీసి కొత్త చర్మం వెయ్యాలి. కుటుంబం గుంటూరు వైపు మిరపకోతలకు బయలుదేరబోతోంది. ఆలోపు ఆపరేషన్ అయితే తల్లీబిడ్డా ఊళ్లో ఆగిపోతారు. కాకపోతే పిల్లా వాళ్లతో వెళ్తుంది. తిరిగొచ్చేసరికి కీళ్లు గట్టిపడి వేళ్లు ఇక తెరుచుకోవు.

తల్లి లక్ష్మికి థియేటరంటే కళ్లు తిరుగుతాయి. ఆమె అన్న ఈరన్నను పిలిచాం. అతడు చేతులు చాపి, “రామ్మా, మామ ఒళ్లో కూచుంటే చాక్లెట్ ఇస్తా” అన్నాడో లేదో, పిల్ల కేకపెట్టి, గుక్కపట్టి నీలం తిరిగింది. కేసు వాయిదా వేశాను.

“గాలి సోకినట్టుండాది సార్. తాయెత్తు కట్టిచ్చుకోని వస్తాం” అన్నాడు ఈరన్న.

ఇలాంటి మాటలకు నాకు ఓర్పు తక్కువ. “గాలికి నీ ఒడి మీదే పగెందుకప్పా? తల్లి ఒళ్లో బాగానే ఉందే!” అన్నాను.

లక్ష్మి నవ్వింది. “గాలీ లేదు, ధూళీ లేదు సార్. అంతా ఈయన చేసిందే!” అని, కిందటేడు ఉరుకుంద గుడిలో జరిగింది చెప్పింది. మేనమామ ఒడిలో పుట్టువెంట్రుకలు తీయించి, చెవులు కుట్టించారు. బెల్లం పెడతానని చెప్పి కూర్చోబెట్టుకుని, ఈరన్న పిల్ల రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

పిల్ల ముందు గొంతుక్కూర్చుని, చెవులు కుట్టినప్పుడు నొప్పి పుట్టిందా అని అడిగాను.

“ఏమో.”

“మరి మామ ఏం చేసినాడు?”

“బెల్లం ఇస్తానని పట్టుకున్యాడు. ఇయ్యలే.”

అల్లరి చేస్తే డాక్టరు సూది వేస్తాడని బెదిరించేదీ మనమే. చాక్లెట్ అని ఆశపెట్టి ఆ డాక్టరు దగ్గరికే లాక్కొచ్చేదీ మనమే. ఆపైన పిల్ల ఏడిస్తే నేరం గాలిది!

ఆ సాయంత్రం వార్డులో మాస్కు పిల్ల చేతికే ఇచ్చాను. నేను పెట్టుకున్నాను, తల్లికి పెట్టాను. రేపు దీంట్లోంచి కంపు వస్తుంది, నిద్ర పడుతుంది, లేచేసరికి చేతికి పెద్ద కట్టు ఉంటుంది అని చెప్పాను.

“ముందే చెప్తే బెదురుతాది సార్” అన్నాడు ఈరన్న.

“బెదరనీ. ఇప్పుడైతే నన్ను అడుగుతుంది. ఆపరేషన్ బల్ల మీద ఎవరిని అడుగుతుంది?”

“లేసినాక నొప్పి లేస్తాదా?” అని పిల్ల అప్పుడే అడిగింది. మందిస్తాం, అయినా కొంచెం ఉంటుంది అన్నాను.

మర్నాడు లక్ష్మి ధైర్యం చేసి ఒడిలో కూర్చోబెట్టుకుంది. పిల్ల ఒకసారి మాస్కు తోసేసి “కంపు!” అంది. చెప్పాను కదా అన్నాను. సన్నగా ఏడుస్తూనే మళ్లీ పీల్చి నిద్రపోయింది. వేళ్లు విడివడ్డాయి.

కట్టు మార్చే రోజు ఏం గుర్తుందని అడిగితే కంపు, నొప్పి రెండూ చెప్పింది. నర్సు పట్టుకోబోతే చెయ్యి వెనక్కి లాక్కుని, “నొప్పి లేస్తాదా?” అంది. నర్సు అలవాటుగా లేదనబోయి, నన్ను చూసి, “పీకేటప్పుడు కొంచెం లేస్తాది” అంది. పిల్ల తనే చెయ్యి చాపింది.

ముందే చెప్పినంత మాత్రాన పిల్లల భయం పోదు, చేదు జ్ఞాపకం తీపి కాదు. కానీ రెండోసారి చెయ్యి చాపుతారు. మా పనికి అది చాలు.