ముట్టించని బీడీ

బీడీ మానేస్తే ఒళ్లు తేలికవుతుందని వికారాబాద్ డాక్టరు చెప్పాడు. చెప్పేవాళ్లకేం, చెబుతారు. మానేశాక నా తల బండలా బరువెక్కింది. నోరు ఎండిపోయేది, చేతులు ఊరికే ఉండేవి కావు, దగ్గు తగ్గకపోగా పెరిగింది. కూరలో ఉప్పు తక్కువైందని ఒకరోజు కంచం తోసేశాను. మా ఆవిడ నా జేబులో సోంపు పొట్లం పెట్టి రైలుకు పంపించింది.

తాండూరులో నాపరాయి పాలిష్ పట్టే షెడ్డులో నా పని. అక్కడొక రివాజు ఉంది. బీడీ తాగేవాడు మిషను ఆపి బయటికి పోవచ్చు. అది కాలి అయిపోయేదాకా మేస్త్రీ కూడా పిలవడు. తాగినన్నాళ్లూ నేను దాన్ని పట్టించుకోలేదు. మానేశాకే దాని విలువ తెలిసింది.

ఆ రోజు పొద్దెక్కేసరికి బీడీ మీద యావ పుట్టి, ఒళ్లంతా చిరచిరలాడింది. ఆ దుమ్ములోంచి బయటపడి కాసేపు గాలికి నిలబడితే తగ్గుతుందని మిషను ఆపాను.

"యాడికే?" అన్నాడు మేస్త్రీ.

"జర గాలికి పోయొస్త."

"బీడీ బంద్ వెట్టినవు గద. ఇంక బయట నీకేం పని?"

నవ్వుతూనే అన్నాడు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. బండెత్తి అతని నెత్తిన వేయాలన్నంత కోపం వచ్చింది. ఏమీ చేయలేక మళ్లీ మిషను ఆన్ చేశాను.

మర్నాడు స్టేషన్ బయట బీడీ కట్ట కొన్నాను. తాగడానికి కాదు. ఒకటి నోట్లో పెట్టుకుని మేస్త్రీ ముందు నుంచే బయటికి నడిచాను.

"మళ్ల షురువైందా? నాకెర్కనే," అన్నాడు.

అతనికి కనబడకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాను. పెదాలకు ఆకు తగలగానే నోరంతా ఊరింది. అగ్గిపెట్టె లేదు కాబట్టి బతికిపోయాను. గాలి పీల్చుకోవడానికి కూడా బీడీ చూపించాల్సి వచ్చిందని ఏడుపొచ్చింది.

కొన్నాళ్లు అలాగే నడిచింది. పాలిష్ పట్టిన బండలు కడిగే ఆమె దీన్ని కనిపెట్టింది. పొద్దుటి నుంచి ఆ బురద నీళ్లలో నిలబడే మనిషి, అన్నం వేళ దాకా బయటికి రాగా ఎవరూ చూడలేదు.

ఒకరోజు నేను బయటికి పోతుంటే మెల్లగా అడిగింది. "అన్నా, నువ్వు ముట్టియ్యకుండనే కూసుంటున్నవు గద. నాకు గూడ ఒకటియ్యి. ఊకె పట్టుకుంట."

ఇచ్చాను. నా వెనకాలే వచ్చి, బీడీని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నీడన కూర్చుంది. కాళ్లు చాపుకుని కళ్లు మూసుకుంది.

అంతలోనే మేస్త్రీ వచ్చాడు. "ఆడిమనిషివి, నీకు బీడీ ఏందే? నడు లోపలికి."

ఆమె నావైపు చూసింది. ఆమె తరఫున ఒక్క మాటన్నా నా గుట్టు కూడా బయటపడుతుంది. నేను అనలేదు. ఆమె బీడీ నా చేతికిచ్చి లోపలికి పోయింది. నేను మాత్రం ఒక బీడీ కాలేంత సేపూ అక్కడే కూర్చున్నాను.